మన ఇంట్లో వయొలిన్, కింది ఇంట్లో నిద్ర: ఎవరికీ భారం కాకుండా నేర్చుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 35. విశాఖ మధురవాడలో రెండు పడకగదుల ఫ్లాటు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, మూడేళ్ల పాప, మీతోనే ఉంటున్న మీ అమ్మగారు. వయొలిన్ నేర్చుకోవాలని చిన్నప్పటి నుంచి కోరిక. "నా సరదా కోసం ఇంట్లోవాళ్లను, ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టకుండా నేర్చుకోవడం కుదురుతుందా, లేక పాప పెద్దదయ్యేదాకా ఆగాలా?" అన్నది మీ ప్రశ్న.

కుదురుతుంది. ఆగకండి. ఒక్క షరతు మాత్రం ఉంది: మీ సాధన ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో చుట్టుపక్కలవాళ్లకు ముందే తెలిసి ఉండాలి. చెప్పిన నిమిషానికి ఆపేయాలి. నా అనుభవంలో జనం శబ్దాన్ని ఓర్చుకుంటారు, అపస్వరాన్ని కూడా ఓర్చుకుంటారు. ఎంతసేపు ఓర్చుకోవాలో తెలియకపోతే మాత్రం వాళ్లకు పిచ్చెక్కుతుంది. ఇంట్లోవాళ్ల సంగతి వేరు. దానికి తర్వాత వస్తాను, అసలు కష్టం అక్కడే ఉంది.

నేను ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. కూర్మన్నపాలెంలో మూడో అంతస్తులో ఉంటాం. వయొలిన్ పట్టుకునేనాటికి నాకు 38, ఇప్పుడు 64. కచేరీలు చేయను. వర్ణాలు, కొన్ని కీర్తనలు తప్పుల్లేకుండా వాయిస్తాను, అంతే. ఈ 26 ఏళ్లలో వాయిద్యం గురించి ఎంత నేర్చుకున్నానో చెప్పలేను గాని, పొరుగువారి గురించి బాగానే నేర్చుకున్నాను.

ముందు మీరు ఒప్పుకోవలసిన విషయం ఒకటుంది. కొత్తవాడి చేతిలో కూడా వీణ వీణలాగే వినిపిస్తుంది, ఎందుకంటే వేలు ఎక్కడ నొక్కాలో చూపే మెట్లు దానికి ఉన్నాయి. వయొలిన్‌కు మెట్లు లేవు. వేలు వెంట్రుకవాసి పక్కకు జరిగితే చాలు, స్వరం జారిపోతుంది. తీగల మీద రాసే కమాను వంకరగా పడితే తలుపు బందు కీచుమన్నట్టుంటుంది. పైగా మొదటి కొన్ని నెలలు మీరు వాయించేది సరళీ వరసలు, జంట వరసలు అనే తొలి పాఠాలే. అవీ ఒకే రాగంలో, మాయామాళవగౌళలో, మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. మీకది సాధన. గోడ అవతలి మనిషికి అది ఒకే వాక్యాన్ని తడబడుతూ వందసార్లు చదివే పిల్లవాడి గొంతు.

నియమాల ప్రకారం చూస్తే మీకు చాలా వెసులుబాటు ఉన్నట్టే కనిపిస్తుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ అని పరిమితి పెట్టారు. రాత్రి అంటే పదింటి నుంచి ఉదయం ఆరింటి వరకు. వయొలిన్ వాయించేవాళ్ల చెవి దగ్గర 80 డెసిబెల్స్ దాటడం మామూలే గాని, రెండు గోడలు దాటేసరికి అది బాగా తగ్గిపోతుంది. కాబట్టి పగటిపూట మిమ్మల్ని అడిగేవాడు ఉండడు. మొదటి ఏడాది నేనూ ఇలాగే ధీమాగా ఉన్నాను. బి షిఫ్టు వారంలో డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది కదా, ఉదయం తొమ్మిదింటికి కూర్చుని పదకొండు దాకా వాయించేవాణ్ని. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరికీ ఇబ్బంది లేదనుకున్నాను.

ఒకరోజు పాలప్యాకెట్ కోసం కిందికి దిగితే, పార్కింగులో రెండు స్కూటర్ల మధ్య చాప వేసుకుని, చెవులకు తుండుగుడ్డ చుట్టుకుని ఒకాయన నిద్రపోతున్నాడు. మా కింది ఫ్లాటు ఆయనే. ఓడరేవులో రాత్రి డ్యూటీ. వాచ్‌మన్ చెప్పాడు: "మూడు వారాల నుంచి ఇక్కడే పడుకుంటున్నారు సార్." నేను మాత్రం ఎవరిని? సి షిఫ్టు చేసి ఉదయం ఆరింటికి బయటపడి, ఎదురింటి మిక్సీ శబ్దాన్ని తిట్టుకుంటూ నిద్రపోయిన రోజులు నాకెన్ని లేవు! ఓడరేవు, ఉక్కు, రిఫైనరీ, నౌకాదళం, ఆసుపత్రులు ఉన్న ఈ ఊళ్లో పగలు అందరికీ పగలు కాదు. మీ మధురవాడలో అయితే విదేశీ కంపెనీల కోసం రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని తెల్లవారాక పడుకునేవాళ్లు ప్రతి భవనంలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నియమాల పుస్తకంలోని పగలు వాళ్లకు పనికిరాదు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. వాయించడం మానేస్తానని కూడా అన్నాను. ఆయన నవ్వి, "మానేయడం ఎందుకండీ? ఎన్నింటికి ఆపుతారో తెలిస్తే చాలు. తెలియకపోతే, ఆపేశారులే అని కళ్లు మూసుకోగానే మళ్లీ మొదలవుతుందేమోనని నిద్ర పట్టదు" అన్నాడు. పైన మీకు పెట్టిన షరతు ఆయన మాటే, నా సొంత తెలివి కాదు. అప్పటి నుంచి రోజుకు నలభై నిమిషాలు, ఆయన షిఫ్టు చూసుకుని నా వేళ. అలారం మోగితే వరస మధ్యలో ఉన్నా కమాను దించేస్తాను.

"మీకేమైనా ఇబ్బందా?" అని ఎవరినీ అడగకండి. మన ఇళ్లలో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు: "అబ్బే, అదేం లేదండీ." టక్కున "పరవాలేదు" అంటే నిజంగానే పరవాలేదు. కాస్త ఆగి "పరవాలేదులెండి" అన్నారంటే, ఆ "లెండి"లోనే ఇబ్బందంతా ఉంటుంది. ఔను, కాదు అని చెప్పవలసిన ప్రశ్న వేసి ఎదుటివారిని మొహమాటపెట్టే బదులు ఎంచుకునే వీలు ఇవ్వండి. "సాయంత్రం ఆరున్నరకు వాయించనా, ఏడున్నరకా?" అని అడిగితే నిజం చెబుతారు. "మా బాబుకు ఏడింటికి ట్యూషన్, ఆరున్నరే నయం" అని మా పక్కింటావిడ అలా అడిగాకే చెప్పింది. అంతకుముందు రెండేళ్లు "లెండి"తోనే సరిపెట్టింది.

ఇప్పుడు స్థలం సంగతి. రోజూ ఒకే చోట వాయిస్తే మీరెంత జాగ్రత్తగా ఉన్నా మోసేది ఆ ఒక్క చోటివాళ్లే. మన పెద్దవాళ్లు దీనికి ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టారు. చదువుకోవడానికి ఊరుగాని ఊరు వచ్చిన పేద పిల్లలు వారాలు చేసుకునేవారు. సోమవారం ఒక ఇంట్లో భోజనం, మంగళవారం మరో ఇంట్లో, ఇలా ఏడు రోజులకు ఏడిళ్లు. ఏ ఇంటికీ వారానికి ఒక విస్తరి కంటే భారం లేదు. పైగా ఫలానా రోజున కుర్రవాడు వస్తాడని ఆ ఇల్లాలికి ముందే తెలుసు కాబట్టి బియ్యం ఒక గుప్పెడు ఎక్కువ పోసేది. ఇంటింటికీ వెళ్లి కాస్త కాస్త అన్నం అడిగి తెచ్చుకునే మధూకరం కూడా అలాంటిదే, తేనెటీగ ఒక్కో పువ్వు దగ్గర ఒక్కో చుక్క తీసుకున్నట్టు. మనకు దగ్గరే ఉన్న విజయనగరంలో, 1919లో మొదలైన సంగీత కళాశాలలో చేరిన ఘంటసాల వెంకటేశ్వరరావు, తిండికి మధూకరం ఎత్తుకునే సంగీతం నేర్చుకున్నారు. ఎవరికీ ఏ మాత్రం భారం కాకూడదని ఆయన పట్టుబట్టి ఉంటే మనకు ఆ పాటలు ఉండేవి కావు. అదే కళాశాలలో ఆచార్యుడిగా పనిచేసి, 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్‌లో ఎంతటివారో మీకు చెప్పనక్కర్లేదు. ఆయన కూడా ఒకప్పుడు సరళీ వరసలు వాయించినవారే, ఎవరో ఒకరు వినక తప్పిందా?

నేను నా వయొలిన్‌కు వారాలు కుదిర్చాను. ఇంట్లో రెండు రోజులు. మేడ మీద లిఫ్టు గది పక్కన ఒక రోజు, వానాకాలం తప్ప. ఆదివారం గురువుగారి ఇంట్లో పాఠం. గాజువాకలో మిత్రుడి ప్రింటింగ్ ప్రెస్సులో రెండు రోజులు, యంత్రాలు ఆగిపోయాక. కాగితపు కట్టల మధ్య కూర్చుంటే శబ్దాన్ని అవే పీల్చేసుకునేవి. అంత చక్కని సాధన గది డబ్బు పోసినా దొరకదు. ఊరికే కూర్చోవడం బాగుండదని అక్కడి శుభలేఖల ప్రూఫులు దిద్దేవాణ్ని. వరుడి తాతగారి పేరులో అచ్చు తప్పు పట్టుకున్న రోజున ప్రెస్సు మిత్రుడు, "నీ గీరుడు నాకు గిట్టుబాటే" అన్నాడు. మిగిలిన ఒక్క రోజు మా వీధి చివర గుడి మండపంలో, మధ్యాహ్నం గుడి మూసి ఉండే వేళ. నాలుగు నెలలయ్యాక పూజారిగారు తాళం తీస్తూ, "ఇంకా సరిగమలేనా బాబూ?" అన్నారు. నన్ను చిన్నబుచ్చిన మాట అది, అయినా ఆయన ఏనాడూ రావద్దనలేదు.

బీచ్‌కు పోయి వాయించుకోవచ్చు కదా అని చాలామంది సలహా ఇస్తారు. మీరూ అనుకునే ఉంటారు. తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీద కూర్చుని సముద్రానికి వినిపించడం ఫొటోకు బాగుంటుంది. నేను రెండుసార్లు ప్రయత్నించాను. అలల హోరులో మన స్వరం మనకే వినపడదు, దాంతో కమానును గట్టిగా నొక్కడం అలవాటవుతుంది. ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. కమాను వెంట్రుకల్లో ఇసుక చేరిందంటే ఇక దాని పని అయిపోయినట్టే. పైగా పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లు ప్రశాంతత కోసం వస్తారు, వాళ్లకు మాత్రం మనం భారం కామా?

ఇంట్లో వాయించే రోజుల్లో చేయవలసినవి కొన్ని ఉన్నాయి. మూసిన కిటికీని మించిన మందు లేదు. వయొలిన్ శబ్దం ఎక్కువగా గాలిలోనే ప్రయాణిస్తుంది, కాబట్టి కిటికీ, తలుపు కింది సందు మూస్తే సగం పని అయినట్టే. తలుపు కింద తువ్వాలు చుట్టి పెట్టండి. మృదంగమో తబలానో అయితే దెబ్బ నేలగుండా కిందికి దిగుతుంది, దానికి మందపాటి పరుపు కావాలి. మీకు ఆ బెడద లేదు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించమని ఎవరో ఒకరు చెబుతారు. వద్దు. గదిలో ప్రతిధ్వని కాస్త తగ్గుతుందేమో గాని గోడ దాటే శబ్దం ఆగదు, బొద్దింకలు మాత్రం చేరతాయి.

రబ్బరు మ్యూట్ ఒకటి కొనుక్కోండి. తీగలను మోసే చెక్క బ్రిడ్జి మీద దువ్వెనలాగా తొడిగేది, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. అది తొడిగితే వయొలిన్ పక్క గదిలో ఎవరో వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. ఎప్పుడూ దానితోనే వాయిస్తే మరో చిక్కుంది. వినపడటం లేదని తెలియకుండానే కమానును అదుముతాం. మ్యూట్ తీసిన రోజున ఆ అదుముడంతా బయటపడుతుంది. నాకు ఆ అలవాటు వదిలించడానికి గురువుగారికి ఏడాది పట్టింది. వేళ్ల కసరత్తుకు మ్యూట్ తొడగండి, కమాను సాధనకు తీసేయండి. లోహపు మ్యూట్ కొనకండి, అది జారి పడితే వాయిద్యం మీద మచ్చ ఖాయం.

డబ్బు సంగతి తేలికే. మొదటి ఏడాది మామూలు విద్యార్థి వయొలిన్ చాలు, వాయిదాల మీద కొనకండి. నేను ఓవర్‌టైమ్ డబ్బుతో కొన్నాను. ఇంటి ఖర్చులో నుంచి తీయలేదని చాలా ఏళ్లు గర్వంగా చెప్పుకున్నాను కూడా. ఆ గర్వం ఎలా దిగిందో చెబుతాను.

మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న రోజులవి. ఎక్కువగా నా సాధన వేళ సాయంత్రం ఐదున్నర. మూడేళ్లయ్యాక ఒకరోజు నా భార్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, వేరే ఏదో మాటల మధ్య, గాజువాకలో మగ్గం పని నేర్పే క్లాసుల గురించి చెప్పింది. మంగళవారం, శుక్రవారం ఐదున్నరకట. చేరాలని ఆమెకు ఎంతో ఉండేదట. "మరి చేరలేదేం?" అన్నాను. "ఆ వేళకు మీరు తలుపు వేసుకుంటారు కదా, పిల్లల్ని ఎవరు చూస్తారు?" అంది. ఇప్పుడైనా చేరమన్నాను. "ఆ క్లాసులు ఎప్పుడో ఎత్తేశారులెండి" అని గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. మళ్లీ ఆ "లెండి".

పొరుగువాడికి నా శబ్దం చేరకుండా నానా తంటాలు పడ్డాను. మూసిన తలుపుకు అవతలే, మా ఇంట్లోనే ఉన్న మనిషి మీద పడుతున్నది మాత్రం నాకు కనబడలేదు. అందుకే మీరు మీ భార్య గురించి ఒక్క వాక్యమే రాసి, పొరుగువారి గురించి నాలుగు వాక్యాలు రాయడం చూసి ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను. మీ నలభై నిమిషాల్లో పాప ఎవరి చేతిలో ఉంటుంది? ముందు దానికి జవాబు వెతకండి, వయొలిన్ తర్వాత కొనవచ్చు. పాప స్నానమో, రాత్రి అన్నం తినిపించడమో, ఏదో ఒకటి రోజూ పూర్తిగా మీదే కావాలి. ఆమె చెప్పాక చేసేదాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఇంకొకటి, మీరు నేర్చుకుంటున్నంత సమయం వారంలో ఆమెకూ ఖాళీగా ఉండాలి. ఆ సమయంలో ఆమె ఏం చేస్తుందో మీరు అడగకూడదు. నిద్రపోతే నిద్రపోనివ్వండి. పాపను మీ అమ్మగారు చూసుకుంటారనుకుంటే అది మళ్లీ పాత కథే, మనిషి మాత్రమే మారుతుంది. ఆవిడకూ సాయంత్రం వేళ తన దీపం, తన సీరియల్ ఉంటాయి.

వాయించడం కాస్త వచ్చాక మరో ప్రమాదం మొదలవుతుంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. మూడో రోజు రాత్రి మా భవనంలోవాళ్లంతా మెట్ల మీద కూర్చుని ఉంటే, కింది ఫ్లాటు ఆయనే "ఏదైనా వాయించండి" అన్నాడు. ఇరవై నిమిషాలు వాయించాను. చీకట్లో ఎవరి ముఖమూ కనబడలేదు గాని, ఆపాక కాసేపు ఎవరూ లేవలేదు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత నేనేం చేశానో వినండి. వాళ్లకు నా వాయింపు ఇష్టమని తేలిపోయింది కదా అని నలభై నిమిషాలను గంట చేశాను, కిటికీలు తెరిచాను, కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఆరేసి నిమిషాల రికార్డింగులు పెట్టడం మొదలుపెట్టాను. వచ్చిన జవాబులన్నీ దణ్ణం బొమ్మలే. చివరికి మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, నువ్వు పెట్టినప్పుడల్లా వినకపోతే బాధపడతావని, వింటే ఏమనాలో తెలియక అందరూ అవస్థ పడుతున్నారు" అన్నాడు. బతికించాడు. మెట్ల మీద ఒక్క రాత్రి అడిగి విన్నంత మాత్రాన ఆ పొరుగువాళ్లు రోజూ వినడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు కూడా వాళ్లంతట వాళ్లు అడిగితే తప్ప పెట్టె తెరవకండి. అడిగినా ఒక్కటి వాయించి మూసేయండి.

అలాగని పూర్తిగా ముడుచుకుపోవద్దు. నాకు తెలిసిన ఒకాయన చక్కగా పాడేవాడు. భార్యకు తలనొప్పి అని, పిల్లల పరీక్షలని, పక్కింట్లో పెద్దాయనకు బాగాలేదని ఒక్కొక్క పూటా మానేస్తూ పోయి, చివరికి పాడటమే మానేశాడు. ఎవరూ మానమనలేదు. ఇప్పుడు ఆయన ఇంట్లో ఎవరు హాయిగా కూర్చుని టీవీ చూసినా విసుక్కుంటాడు. ఆ విసుగు పాటకంటే పెద్ద భారమని ఆయన కొడుకే నాతో అన్నాడు. మీరు వేళ చెప్పి, కిటికీ మూసి, నలభై నిమిషాలకు ఆపినా ఎవరైనా గొణిగితే, మర్యాదగా విని, మరుసటి రోజు మీ వేళకు మీరు కూర్చోండి. ఆ ఇంట్లో రోగి గాని, పరీక్షకు చదివే పిల్ల గాని, పసిబిడ్డ గాని ఉంటే అది వేరే మాట, అప్పుడు వయొలిన్‌ను వారాలకు బయటికి పంపాలి.

చివరిగా మన ఊరి వాతావరణం గురించి ఒక మాట. వాయించాక ప్రతిసారీ కమాను వదులు చేయండి, తీగలను పొడిగుడ్డతో తుడవండి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పడేయండి. జూలై నుంచి గాలిలో తేమకు, తీగలను బిగించే బిరడాలు ఉబ్బి బిగుసుకుపోతాయి, తిప్పితే ఒక పట్టాన కదలవు, కదిలితే ఒక్కసారిగా జారతాయి. మొదట్లో శ్రుతి చేసుకోవడానికే పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ పదిహేను నిమిషాలను కూడా నలభైలోనే లెక్కవేసుకోండి. గోడ అవతలివాళ్లకు అదీ వయొలినే.